బాయిలేసిన చెల్లెండ్లు

నర్సయ్య మామ పోయాడని పొద్దున్నే ఫోను వచ్చింది. చేసింది వాళ్ల కోడలు. ఏడుస్తూనే మధ్యలో ఒకసారి నవ్వింది. "మొన్నటిదాక నవ్విచ్చుకుంటనే ఉన్నడక్కా, సెలైన్ పెట్టొచ్చిన పిల్లను గూడ నవ్విచ్చిండు" అంది. ఆ రోజంతా చుట్టాల్లో ఎవరితో మాట్లాడినా ఇదే మాట. అంత నవ్వించే మనిషి మళ్లీ పుట్టడు. నేనూ ఔనన్నాను. పోయినవాడు నా సొంత మేనమామ. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నాకు జ్వరం వస్తే భుజాన వేసుకుని దవాఖానకు ఉరికిన మనిషి. అయినా ఫోను పెట్టేసిన ప్రతిసారీ లోపల ఏదో అడ్డం తగిలేది. చివరికి గోదావరిఖనిలో ఉండే మా కనక చిన్నమ్మకు ఫోను చేశాను. అంటే మా అమ్మ చెల్లెలు, నర్సయ్య మామకు చిన్న చెల్లెలు. కబురు అప్పటికే ఆమెకు చేరింది. "పోవాలె గదా బిడ్డా, అన్న గదా. కారు మాట్లాడు" అంది. గొంతు తడిగానే ఉంది. కానీ అన్న ఎంత నవ్వించేవాడో ఆమె మాత్రం చెప్పలేదు. ఆ చెప్పకపోవడం వెనక ఉన్న కథ నాకు తెలుసు. మిగిలినవాళ్లు దాన్ని మరిచిపోయారు, లేదా మరిచిపోయినట్టు ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

మా దిక్కున నీళ్లు తోడుకునే బావినీ బాయే అంటారు, బొగ్గు తవ్వే గనినీ బాయే అంటారు. ఈ ఒక్క మాట పట్టుకుని మామ ఏళ్ల తరబడి ఊరందరినీ నవ్వించాడు. మా అమ్మను బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్నకు ఇచ్చారు. పెద్దపల్లి దాటి బండ్లబాటలో చాలా దూరం పోతే వచ్చే ఊరు మామ వాళ్లది. అక్కడ ఏ పెళ్లి జరిగినా, ఏ బోనాల పండుగ జరిగినా ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "నర్సన్నా, మీ పెద్దచెల్లె ఎట్లున్నదే?" అని. అడిగేది బాగోగుల కోసం కాదు, జవాబు కోసం. మామ మొహం దిగులుగా పెట్టి, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, "ఏం చెప్పాలె తమ్మీ, బాయిలేసిన. ఇగ పైకి తేలలే" అనేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఇంకా ఉండేవి. బాయికాడ కాకికీ కొంగకూ తేడా తెలియదట. బాయికాడ బర్రెను పిండితే పాలు కూడా నల్లగానే వస్తాయట. అక్కడ పుట్టిన పిల్లలను తల్లి నవ్వితేగానీ పోల్చుకోలేదట, చీకట్లో పండ్లే కనిపిస్తాయి గనుక. ఇవన్నీ చెప్పే నాటికి మామ గోదావరిఖనికి ఒక్కసారి కూడా వచ్చి ఎరగడు.

మేము అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. బాపు కోల్ ఫిల్లర్, అంటే తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. మొదటి షిఫ్టు దిగి ఆయన ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లో కాగునిండా నీళ్లు మరగబెట్టి ఉంచేది. ఆయన గడప లోపలికి వచ్చేవాడు కాదు. పక్కనున్న రాయి మీద కూర్చుంటే అవ్వ ముందు ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేది, గొంతులో దిగిన బొగ్గు దుమ్మును బెల్లం లాగేస్తుందని అందరి నమ్మకం. తర్వాత కొబ్బరినూనె చుక్క వేలికి అద్దుకుని ఆయన కనురెప్పల వెంట రాసేది. మూడుసార్లు సబ్బు రుద్దినా కళ్ల చుట్టూ సన్నటి నల్లగీత మిగిలిపోయేది, కాటుక పెట్టుకున్నట్టు. మా క్వార్టర్ల వరసలో మగవాళ్లందరికీ అట్లాంటి కళ్లే ఉండేవి. కాటుక లేని మగవాళ్ల కళ్లు నాకు మొదట్లో బోసిగా, రోగంతో లేచినవాళ్ల కళ్లలాగా కనిపించేవి. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు రాజేసేవాళ్లు, పొగంతా పోయాక ఆ కణికల మీద వంట. ఆ పొగ కళ్లను మండించేది, ఆరేసిన బట్టల్లో దూరేది. అయినా ఆ వాసన ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా ముక్కుకు తగిలితే నాకు ఆకలేస్తుంది.

మామ వాళ్ల ఊరికి పోవాలంటే అవ్వ ముందురోజు నుంచీ మమ్మల్ని తోమడం మొదలుపెట్టేది. ఇటుక ముక్కతో మడమలు, వేపపుల్లతో గోళ్ల సందులు, తడిగుడ్డ కొసతో చెవుల వెనక. రేకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన తెల్లగౌను బస్సెక్కే ముందే బయటికి వచ్చేది. పెద్దపల్లిలో దిగాక కొంగు తడిపి మరోసారి మొహాలు తుడిచేది. ఇంతా చేసి ఊరి మొగదల బండి దిగితే, మామ ఎదురొచ్చి నన్ను ఎత్తుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "సున్నమేసి తెచ్చినవా చెల్లె?" అనేవాడు. నల్లగా ఉంటే నలుపు మీద, తెల్లగా ఉంటే తెలుపు మీద. తప్పించుకునే దారి లేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరితోపాటు నవ్వేది. నోరు నవ్వుతుండగానే ఆమె చేయి నా చెవి వెనక తడుముతుండేది, ఎక్కడైనా మసి మిగిలిపోయిందేమోనని. ఆ చేయి నాకు మామ జోకుల కంటే బాగా గుర్తుంది.

కనక చిన్నమ్మకు గోదావరిఖని కొత్త కాదు. మా తమ్ముడు పుట్టినప్పుడు బాలింత పనులకని వచ్చి మా ఇంట్లో కొన్ని నెలలు ఉంది. షిఫ్టు సైరన్ మోగగానే ఉలిక్కిపడడం మానేసి, సైరన్‌ను బట్టి అన్నం వార్చడం నేర్చుకుంది. అక్కడి ఆడవాళ్లు పంపు దగ్గర గట్టిగా మాట్లాడుకోవడం, గట్టిగా నవ్వడం ఆమెకు నచ్చింది. బాపుతోపాటు పనిచేసే మొగిలి అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. తల్లిదండ్రులు లేరు, గోదావరి అవతలి ఊరు. మాట తక్కువ. వచ్చినప్పుడల్లా అడగకుండానే రెండు బిందెల నీళ్లు తెచ్చి పోసి వెళ్లేవాడు. చిన్నమ్మ తిరిగి ఊరికి వెళ్లిపోయాక బాపే మొగిలిని అడిగాడు, మా మరదలిని చేసుకుంటావా అని. అతను తలవంచుకుని, "ఆమె ఊ అంటె" అన్నాడట. మగవాళ్ల మాటే చెల్లే ఆ కాలంలో, పిల్ల ఊ అనాలనే మాట అన్న మగవాణ్ని బాపు అదే మొదటిసారి చూశానని తర్వాత చాలాసార్లు చెప్పేవాడు.

కోతలయ్యాక పిల్లను చూడడానికి వెళ్లాం. బాపు, అవ్వ, మొగిలి, అతని తరఫున ఒక పెద్దమనిషి, వెంట నేను. మొగిలి ఆ పొద్దున రెండుసార్లు స్నానం చేశాడు. తెల్లచొక్కా కొత్తది, మడతలు కూడా పోలేదు. మామ వాకిట్లో నులకమంచం వేసి, మీద తెల్లటి తువ్వాల పరిచాడు. వాడకట్టంతా చేరింది. నర్సన్న ఇంటికి బాయి నుంచి సంబంధం వచ్చిందంటే ఏదో ఒకటి అంటాడని అందరికీ తెలుసు. అన్నాడు కూడా. బాపు, పెద్దమనిషి కూర్చున్నాక మొగిలి మంచం అంచున ఒంగబోతుంటే, "మొగిలీ, నువ్వు జెర ఆ తువ్వాల పక్కకు జరిపి కూసో అయ్యా. బొగ్గు ఒదిలేదాక ఉతకాలంటె మా చెరువు నీళ్లు సాలయి" అన్నాడు.

నవ్వులు. గోడ మీది పిల్లలతో సహా. సగం ఒంగిన మొగిలి నిటారుగా లేచి నిలబడ్డాడు. బాపు నేలచూపులు చూస్తూనే, "బావా, పిలగాడు మంచోడు. తాగుడు లేదు, పని దొంగ గాడు" అన్నాడు.

"మంచోడు గాదని నేనన్ననా బావా? గని ఒక చెల్లెను బాయిలేసిన. రెండోదాన్ని గూడ ఏస్తె ఊరోళ్లు నా ఇంటికి పోలీసులను తోలుకస్తరు!"

ఈసారి నవ్వు వీధి చివరిదాకా పోయింది. మా అవ్వ కొంగు నోటికి పోలేదు. మొదటిసారి ఆమె నవ్వలేదు. మొగిలి మా అమ్మమ్మ వైపు తిరిగి చేతులు జోడించి, "పోయొస్తం పెద్దమ్మా" అన్నాడు. కోపం లేదు గొంతులో. అలవాటైన అలసట ఉంది. లోపల అప్పటిదాకా తిరుగుతున్న ఇసుర్రాయి చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి, నెత్తి మీద కొంగు లేదు. పెళ్లిచూపుల నాడు పిల్ల పిలవకుండా వాకిట్లోకి రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆమె మామ వైపు చూడనే లేదు. మొగిలితో అంది.

"కూసోండ్రి. ఆ తువ్వాల మీదనే కూసోండ్రి. మాసితె ఉతికేది నేను. ఎన్నిమాట్లు మాసినా నేనే ఉతుకుత."

మామ పెదవులు కదిలాయి, ఏదో అనబోయాడు, కానీ అందుకు సరిపోయే జోకు దొరకలేదనుకుంటాను. అమ్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొగాకు పక్కకు ఊసి, "పిల్ల చెప్పింది గదరా నర్సిగా. ఇగ నోరు మూసుకొని సుట్టాలకు బెల్లంనీళ్లు తెప్పియ్యి" అంది. మొగిలి కూర్చున్నాడు. తువ్వాల మధ్యలో, పూర్తి బరువుతో కూర్చున్నాడు. నేను అవ్వ మొహం వైపు చూశాను. ఏడుస్తోంది. అయితే అది నేను అంతకుముందు చూసిన ఏడుపు కాదు.

పెళ్లి మామే చేశాడు, బాగానే చేశాడు. అదీ చెప్పాలి. కానీ బండి కదిలే ముందు ఉండబట్టలేక, "రెండో చెల్లెకు ఈత నేర్పియ్యకుండనే తోలిస్తున్న" అన్నాడు. చిన్నమ్మ బండి దిగింది. పసుపుబట్టల్లోనే అన్న ఎదురుగా నిలబడి, "అన్నా, నువ్వు ఆ బాయికాడికొచ్చి, నా చేతి బువ్వ తిన్ననాడే నేను మళ్ల ఈ వాకిట్ల అడుగు పెడ్త" అని మళ్లీ బండెక్కింది. కొత్త పెళ్లికూతురు కోపం, నాలుగు రోజుల్లో చల్లారుతుందనుకున్నారు. చల్లారలేదు. బతుకమ్మకు ఆడపిల్లలంతా పుట్టింటికి పోతుంటే ఆమె మా క్వార్టర్ల మధ్య మైదానంలోనే ఆడేది. తంగేడు పూలు ఎవరైనా పల్లె నుంచి తెస్తే ఉండేవి, లేకపోతే గునుగు పూలతోనే పేర్చేది. అమ్మమ్మే బస్సెక్కి కూతురి దగ్గరికి వచ్చేది. వచ్చి, ఎండకు ఆపసోపాలు పడుతూ, కరెంటు బల్బు కింద కూర్చుని పప్పులు ఏరుతూ, "ఆడు మంచోడేనే, నోరే పాపిష్టిది" అనేది. చిన్నమ్మ, "మంచోడేనని నాకు తెలుసవ్వా. మంచోని నోట్లకెల్లి వచ్చిన మాటే ఎక్కువ తాకుతది" అనేది.

మామ మాత్రం రాలేదు. ద్వేషంతో కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అనిపిస్తుంది, వస్తే ఆ జోకు చచ్చిపోతుందని ఆయనకు లోలోపల తెలుసు. చూడని ఊరి మీదే జోకు బాగా పండుతుంది. ఆ ఊళ్లో ఒక పూట అన్నం తిన్నాక, అక్కడి మనిషి కనురెప్పల మీద ఇంకో మనిషి వేలితో నూనె రాయడం చూశాక, కాకికీ కొంగకూ తేడా లేదని చెప్పడానికి నోరు రాదు.

తర్వాత వానలు లేని ఏడాది వచ్చింది. దాని వెంట ఇంకొకటి. మామ వాళ్ల ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. ఎడ్లను అంగడికి తోలేశారు. ఒక నడివేసవి మిట్టమధ్యాహ్నం, మా రామగుండం దిక్కు ఎండ నేల మీద అడుగు పెట్టనివ్వని పూట, నేను చిన్నమ్మ ఇంట్లో బండల మీద నీళ్లు చల్లుతున్నాను. గడప బయట ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మామ. ఇంకొకరు ఆయన పెద్దకొడుకు మల్లేశం, అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. ఇద్దరి ఒంటి మీదా ఎర్రదుమ్ము. మామ చిక్కిపోయాడు, తలపాగా మాత్రమే పెద్దదిగా కనిపిస్తోంది. చిన్నమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. కాళ్లకు నీళ్లిచ్చింది, తాగడానికి కుండలోవి ఇచ్చింది. అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు పెట్టింది. మామ రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడితే అడగకుండానే వడ్డించింది. చేయి కడుక్కున్నాక మామ గోడ వైపు చూస్తూ, "మొగిలి ఎప్పుడొస్తడు చెల్లె? మల్లిగానికి ఏమన్న పని దొరుకుతదేమో అడుగుదామని" అన్నాడు.

చిన్నమ్మ ఎంగిలి కంచం చేతిలో పట్టుకునే నిలబడింది. "కొడుకును బాయిలేస్తవా అన్నా?"

మామ తల ఎత్తాడు.

"నవ్వు. నీ మాటే గదా. నీ అంత మంచిగ చెప్తలేనా?"

"నవ్వస్తలేదే కనకా."

"నాకు గూడ ఎన్నడు రాలే" అంది చిన్నమ్మ, వెళ్లి కంచం కడగడం మొదలుపెట్టింది.

అంతే. క్షమించమని ఆయన అడగలేదు, అడిగించుకోవాలని ఆమె చూడలేదు. కాసేపటికి మొగిలి చిన్నబాపు షిఫ్టు దిగి వచ్చాడు, కళ్లూ పండ్లూ తప్ప అంతా నలుపు. బావను చూసి తడబడ్డాడు. తర్వాత మల్లేశం భుజం మీద చేయి వేసి, "పెద్దోడివైనవురా" అన్నాడు. పిల్లవాడి చొక్కా మీద అయిదువేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి. మామ ఆ మచ్చను చూశాడు. చిన్నమ్మ కాగు దించి, బెల్లం ముక్క తెచ్చింది. మామ మంచం మీద కూర్చుని ఆ స్నానమంతా కళ్లార్పకుండా చూశాడు. కొన్నాళ్ల తర్వాత మల్లేశానికి బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు టబ్బులు నింపే పని దొరికింది. ఆ ఏడు బతుకమ్మకు చిన్నమ్మ పుట్టింటికి పోయింది, ఇచ్చిన మాట ప్రకారమే.

ఆ తర్వాత ఒక పెళ్లిలో ఎవరో, "నర్సన్నా, ఆ బాయి ముచ్చట చెప్పు" అంటే మామ, "అది ముసలిదైందిరా, పండ్లూడినయి" అని దాటేశాడు. అక్కడితో ఆగి ఉంటే కథ ఎంత అందంగా ఉండేది! కానీ నవ్వించే మనిషికి ఎవరో ఒకరు కావాలి. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు దొరికారు. "మావోడికి అంటింది కడిగితె పోతది. సిమెంటోడు తడిస్తె గట్టిపడ్తడు!" అన్నాడు. గోదావరిఖని నుంచి వచ్చిన మా వాళ్లంతా విరగబడి నవ్వారు, బాపుతో సహా. చిన్నమ్మ నవ్వలేదు. "మన మీదికెల్లి లేసి పక్కోళ్ల మీద కూసున్నది, గంతే" అని నాతో అంది.

నేను చదువుకుని, టీచరు ఉద్యోగం మీద హైదరాబాదు వెళ్లాక ఆ మాట విలువ తెలిసింది. స్టాఫ్ రూములో ఒకాయన ప్రతి ఎండాకాలమూ అడిగేవాడు, "మీ రామగుండం వాళ్లు చచ్చి నరకానికి పోతే చలేస్తోందని దుప్పటి అడుగుతారటగా?" అని. కొన్నాళ్లు ఊరుకున్నాను. ఒకరోజు, "అడుగుతాం సార్. ఇవ్వకపోతే అక్కడ కూడా సమ్మె చేస్తాం" అన్నాను. తర్వాత ఆయన అడగలేదు. నేను "గట్ల" అంటే నవ్విన గదిలోనే ఇప్పుడు "గట్లనా మేడమ్" అని ముద్దుగా పలుకుతున్నారు. మా యాస ఫ్యాషన్ అయిందట. నేను దానికీ మురిసిపోను. వెక్కిరించడానికి మా అనుమతి అడగలేదు, మెచ్చుకోవడానికీ అడగలేదు. కాలం అన్నిటినీ మాన్పుతుందని, పాతకాలపు హాస్యం అట్లాగే ఉండేదని, పట్టించుకోకూడదని చాలామంది అంటారు. కాలం ఏమీ చేయలేదు. ఆ జోకుకు పండ్లు ఊడగొట్టింది పిండి చేతులతో వాకిట్లోకి వచ్చిన ఒక ఆడపిల్ల. చొక్కా మీద నల్లచేయి అచ్చుతో షిఫ్టుకు పోయిన మల్లేశం లాంటివాళ్లు. వాళ్ల పనిని కాలం ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.

మామ పెద్దకర్మ నాడు షామియానా కింద బంతి కూర్చున్నాం. చిన్నమ్మ నా పక్కనే. మాట మామ జోకుల మీదికి మళ్లింది. మల్లేశం కొడుకు, ముప్పై దాటినవాడు, తాత గొంతు అచ్చంగా దింపుతాడు. కండువా తీసి మోకాలి మీద పెట్టుకుని, "ఏం చెప్పాలె తమ్మీ, బాయిలేసిన. ఇగ పైకి తేలలే" అన్నాడు. పెద్దవాళ్లు కొందరు నవ్వారు. పడుచువాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు అడిగేశాడు, "బాయి నౌకరి దొరుకుడే కష్టం గదనే, ఇందుల నవ్వేందుకేమున్నది?" అని. చెప్పినవాడు కూడా తడుముకుని, "ఏమో, తాత అంటుండె" అన్నాడు.

"ఒరేయ్, ఇటు రా" అంది చిన్నమ్మ. వాడు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ తాత మంచోడు. మీరు తలుసుకోండ్రి, నేను గూడ తలుసుకుంట. ఆయన నా అన్న. గని ఆ మాట నా ముంగట మళ్ల అనొద్దు."

"ఊకెనే అమ్మమ్మా. దాని అర్థం గూడ మాకు తెల్వది."

"అర్థం తెల్వకున్నా అనొద్దు."

వడ్డిస్తున్న మల్లేశం బకెట్ కింద పెట్టి కొడుకు వైపు చూశాడు. రిటైరైనా కళ్ల చుట్టూ ఆ సన్నగీత ఇంకా పోలేదు. "అత్త చెప్పింది ఇన్నవా?" అన్నాడు.

"ఇన్న" అన్నాడు వాడు.

అప్పుడు చిన్నమ్మ విస్తరి ముందుకు జరుపుకుని, "ఇగ కూర తే" అంది.